చరణం అందించే చోటు

మా చర్చి సంఘంలో చరణం అందించడం అని ఒకటి ఉండేది. పల్లవి అందరికీ నోటికి వచ్చు. చరణాలు రావు. అందుకని పల్లవి పాడి ఆగగానే ఒక మనిషి రాబోయే పాదాన్ని గబగబా, సగం మాటగా సగం పాటగా చెప్పేసేవారు. వెంటనే సంఘమంతా అదే పాదాన్ని రాగం తీసి పాడేది. మళ్లీ ఇంకో పాదం అందించడం, మళ్లీ పాడడం. చదువు రానివాళ్లు, చదువు వచ్చినా కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చినవాళ్లు, అందరూ ఆ ఒక్క గొంతు పట్టుకుని పాట చివరిదాకా వెళ్లేవాళ్లు. నరసాపురంలో మా మందిరంలో ఆ గొంతు మా అక్కది.

ఆమె పక్కన నేను డోలక్ వాయించేవాణ్ణి. అక్క పాదం అందించినంతసేపూ పాట ఆగుతుంది గాని డోలక్ ఆగదు. తాళాన్ని అలా ఊరికే చుట్లు తిప్పుతూ ఉండాలి. పాదం చిన్నదైతే ఒక చుట్టు, పెద్దదైతే రెండు, మధ్యలో ఆమెకు దగ్గు వస్తే ఇంకోటి. చివరి మాట దగ్గర ఆమె గొంతు కాస్త పైకి లేపేది. అది నాకు సైగ. ఎడమ అరచెయ్యి తోలు మీద ఒత్తి జరిపి ఒక్క గుమక వదిలేవాణ్ణి. ఆ గుమక వినగానే చాపల మీద కూర్చున్న జనమంతా ఒక్కసారి అందుకునేవారు. ఇదంతా మాకు ఎవరూ నేర్పలేదు, మేమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

అక్క ఎలిమెంటరీ స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. బావగారు పోయాక మా ఇంట్లోనే ముందు గదిలో ఉండేది. ఖాళీగా ఉంటే చేతిలో లేసు అల్లే సూది తిరుగుతూనే ఉండాలి. అల్లుతూనే మాట్లాడేది, అల్లుతూనే తిట్టేది. నాకు పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయినా నన్ను 'ఏరా' అనడం మానలేదు. నేను ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. వారమంతా అక్కడ ఒక గదిలో ఉండి, శనివారం రాజమండ్రి వచ్చి రైలెక్కి ఇంటికి చేరేవాణ్ణి. ఆదివారం డోలక్, మళ్లీ సోమవారం కాలువ షట్టర్ల బొమ్మలు.

గదిలో సాయంత్రాలు గడవక కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. అలా వెతుకుతుంటే దొరికింది ఆ ప్రోగ్రాం. దాంట్లో మౌసు పట్టుకుని గీయడం ఉండదు. స్వరానికో అక్షరం, నిడివికో అంకె. వరుసగా టైపు చేసుకుంటూ పోయి చివర ఒక మీట నొక్కితే, అచ్చు పుస్తకంలో ఉన్నట్టు అయిదు గీతల మీద స్వరాలు, వాటి కింద పాట మాటలు తీర్చి ఇస్తుంది. బొమ్మలు గీసి గీసి విసిగినవాణ్ణి కదా, గీయకుండానే బొమ్మ రావడం నాకు పిచ్చి పట్టినంత నచ్చింది. మన సంఘం పాటలన్నీ ఇందులోకి ఎక్కించేస్తానని ఆ వారమే అక్కకు ఫోన్‌లో చెప్పాను.

"ఎక్కించి ఏం చేస్తావురా?" అంది అక్క.

"మన తరవాత వాళ్లకి ఉంటాయి కదా."

"మన తరవాత వాళ్లు పాడతారా, చూసుకుంటారా?" అంది. నేను నవ్వేశాను.

పాట మాటలు ఎక్కించడం సులువే గాని విసుగు. మాటను అక్షరాలుగా విడగొట్టి, అక్షరానికీ అక్షరానికీ మధ్య రెండేసి అడ్డగీతలు పెట్టాలి. అప్పుడే ఏ అక్షరం ఏ స్వరం కిందికి వెళ్లాలో దానికి తెలుస్తుంది. డోలక్ ఇంకా కష్టం. ఆ ప్రోగ్రాంకి తెల్లవాళ్ల బ్యాండు డ్రమ్ములన్నీ తెలుసు, డోలక్ తెలియదు. కుడి వైపు దెబ్బ గీత పైన, ఎడమ వైపు దెబ్బ గీత కింద, గుమకకు పక్కన ఒక చిన్న వంపు అని నేనే ఒక పట్టిక రాసి దానికి నేర్పాను. మొదటిసారి నా వాయింపు నాకే కాగితం మీద కనిపించినప్పుడు, నిజం చెప్పొద్దూ, ఛాతీ కాస్త పొంగింది. నా చేతులు ఇన్నేళ్లు ఇంత పద్ధతిగా పని చేశాయా అనిపించింది.

చిక్కంతా అక్క దగ్గరే వచ్చింది. ఆ ప్రోగ్రాంలో తాళం చుట్టు పూర్తయిన చోట ఒక నిలువు గీత పెడతాం. లోపల వేసిన నిడివులు కూడితే చుట్టుకు సరిపోకపోతే అది ఊరుకోదు, ఫలానా వరుసలో తేడా ఉందని హెచ్చరిక పెడుతుంది. అక్క అందించే పాదం ఎంత కొలిచినా సరిపోయేది కాదు. ఒక శనివారం అరుగు మీద ఆమె ముందు కూర్చుని అదే పాదాన్ని మళ్లీ మళ్లీ చెప్పించుకుని తొడ మీద తాళం వేశాను.

"అక్కా, ఇందాక రెండు చుట్లలో అయింది. ఇప్పుడు ఒకటిన్నరకే అయిపోయింది. ఏదో ఒకటి ఖాయం చెయ్యి."

"ఇందాక వెనకాల జనం ఉన్నారనుకుని చెప్పాను. ఇప్పుడు నీకే కదా చెప్పింది. నీకెందుకురా అంత నిదానం?"

"జనాన్ని బట్టి మారుతుందా?"

"మారదేంటి? పల్లెల్లోంచి చేపలమ్మే ఆడవాళ్లు వస్తే వాళ్లు వెనక చాప మీద కూర్చుంటారు. వాళ్లకి వినపడాలి, వాళ్లు లోపల ఒకసారి అనుకోవాలి. వాళ్లు రాని వారం తొందరగా చెప్పేస్తాను." చేతిలో లేసు తిప్పి చూసుకుంటూ, "అది కూడా రాయి నీ కంప్యూటర్లో" అంది.

అది ఎలా రాయాలో నాకు తెలియలేదు. లెక్క ఆపు అని చెప్పే ఆదేశం ఒకటి ఉందని తెలిసి అదీ పెట్టి చూశాను. ఆమె పాదానికి లెక్క ఆగింది. తీరా చూస్తే కింద నా డోలక్‌కీ లెక్క ఆగిపోయింది. ఒకరికి ఆపి ఇంకొకరికి నడిపించడానికీ దారి ఉందట, దానికి ప్రోగ్రాం లోపలి అమరికలు కదపాలి. ఆ నాలుగు పేజీల వివరం చదవబోయి రెండుసార్లు నిద్రపోయాను. చివరికి, పోనీ అని, ప్రతి పాదానికీ రెండేసి చుట్లు ఇచ్చేసి అందులో ఆమె మాటలు సర్దాను. మాటగా చెప్పేదానికి స్వరం తలకాయ ఉండదు, దాని బదులు ఇంటూ గుర్తు వేస్తారు. ఆ పేజీ ప్రింటు తీసి పట్టుకెళ్లాను.

అక్క కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఏంట్రా ఇది? నేను చెప్పినవన్నీ తప్పులని కొట్టేశావు."

"తప్పులు కాదక్కా. మాటలా చెప్పేవాటికి అలాగే వేస్తారు."

"ముప్పై ఏళ్లు పిల్లల పుస్తకాల్లో నేను వేసిన ఇంటూలన్నీ నాకే తిరిగొచ్చాయి" అని పడీ పడీ నవ్వింది. ఆ కాగితం మడిచి తన బైబిల్లో పెట్టుకుంది. ఆ రోజు మా ఆవిడా నేనూ కూడా చాలాసేపు నవ్వాం.

తరవాతి ఏడు మా మందిరంలో క్వయిరు కొత్తగా కట్టారు. దాన్ని చూసుకునే ఆవిడ ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో సంగీతం చెప్తారు. కీబోర్డు బాగా వాయిస్తారు, మనిషి కూడా చాలా మర్యాద. నా పేజీలు చూసి ఎంతో సంబరపడ్డారు. వాటితోనే పుస్తకం వేద్దామన్నారు, మా పాస్టరు అయ్యగారు సరేనన్నారు. నా పని అచ్చవుతుందంటే నాకు మాత్రం చేదా? అదే రోజుల్లో గోడకు తెర బిగించి ప్రొజెక్టరు పెట్టారు. పాట మొదలవగానే మాటలన్నీ పెద్ద అక్షరాలతో తెర మీద వస్తాయి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చారు. "వందనాలండి. పేజీలు చాలా బావున్నాయండి. ఒక్క విషయం అడగనా? ఈ అందించే పాదాల వల్ల ప్రతి పాటా రెండు పేజీలు దాటిపోతోందండి. క్వయిరు పిల్లలు కూడా అక్కడ ఆగలేక తడబడుతున్నారు. ఇప్పుడు స్క్రీన్ ఉంది కదండి, అందరికీ కనపడుతుంది. వాటిని తీసేస్తే ఏమైనా ఇబ్బందా అండి?"

ఇబ్బంది ఏమీ లేదన్నాను. ఆవిడ అడిగింది న్యాయంగానే ఉంది. అదీగాక అక్క పాదాల దగ్గర వచ్చే హెచ్చరికలతో నా ప్రాణం విసిగి ఉంది. తీసేయడం కూడా కష్టం కాదు. వరుస మొదట్లో ఒక శాతం గుర్తు పెడితే చాలు, ఆ వరుసను ప్రోగ్రాం చూడనట్టు వదిలేస్తుంది. చెరిపినట్టు కాదు, ఫైల్లో అలాగే ఉంటుంది, పేజీలోకి మాత్రం రాదు. ధవళేశ్వరం గదిలో కూర్చుని పాట తరవాత పాటగా అక్క వరుసలన్నింటి ముందూ శాతం గుర్తులు పెట్టుకుంటూ పోయాను. హెచ్చరికలన్నీ పోయాయి. పాటలన్నీ ఒక్కో పేజీలోకి చక్కగా ఒదిగాయి.

అక్కకు శనివారం చెప్పాను. అరుగు మీద లేసు అల్లుతోంది. సూది ఆగలేదు.

"మంచిదేరా. నా గొంతు కూడా అరిగిపోయింది" అంది. దారం లాక్కుంటూ, "తీసేశావా మరి, ఉంచావా?" అని అడిగింది.

"ఫైల్లో ఉందక్కా. పేజీలో రాదు, అంతే."

"అంటే ఉన్నట్టా, లేనట్టా?"

ఉన్నట్టే అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. అడిగితే బావుండేదని, రెండు మాటలు తిట్టినా బావుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం గండం గడిచిందనుకుని లోపలికి వెళ్లి భోజనానికి కూర్చున్నాను.

కొత్త పద్ధతిలో పాడిన మొదటి ఆదివారం పల్లవి అవగానే నా చేతులు అలవాటుగా చుట్టు తిప్పడం మొదలుపెట్టాయి. క్వయిరు ఆగకుండా చరణంలోకి వెళ్లిపోయింది. ఒక దెబ్బ తప్పి మళ్లీ కలుపుకున్నాను. నా ఎడమ పక్క అక్క నిలబడి ఉంది. పాదం అందించడానికి నోరు తెరిచింది, తెరిచిన నోటితోనే ఆగి, మెల్లగా మూసుకుంది. రెండో చరణానికి పాటల పుస్తకం తెరిచి అందరితో పాటు పాడింది. ఆ తరవాతి ఆదివారం ఆమె నా పక్కకు రాలేదు. ఆడవాళ్ల వైపు, కిటికీ దగ్గర చాప మీద కూర్చుంది. ఆమె నిలబడే చోటులో కొన్నాళ్లకు స్పీకరు పెట్టె పెట్టారు.

పాట మాత్రం శుభ్రంగా సాగేది. వినడానికి వచ్చిన పక్క ఊరివాళ్లు మెచ్చుకున్నారు. పుస్తకం మీద నా పేరు వేశారు. వెనక చాప మీద కూర్చునే చేపలమ్మే ఆడవాళ్లు చరణాలు పాడడం మానేశారని, పల్లవి వచ్చినప్పుడే నోరు కదుపుతున్నారని నేను గమనించడానికి ఒక వానాకాలం పట్టింది. గమనించాక కూడా, తెర అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేస్తే సరిపోతుందని క్వయిరు ఆవిడకు చెప్పాను. ఆవిడ పెద్దవి చేశారు. చదువు రానివాళ్లకు అక్షరం ఎంత పెద్దదైతే ఏం లాభం? అది నాకు తట్టలేదు. తట్టాల్సింది.

అక్కకు గుండె జబ్బు బయటపడ్డాక రాజమండ్రి ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాం. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆఫీసు అవగానే ఆటో ఎక్కి వెళ్లి ఆమె దగ్గర కూర్చునేవాణ్ణి. చేతికి సూది గుచ్చి ఉండేది కాబట్టి లేసు లేదు. ఆ వేళ్లు మాత్రం దుప్పటి మీద అల్లుతున్నట్టే కదిలేవి. ఒక సాయంత్రం కళ్లు మూసుకునే అడిగింది.

"వెనక చాప వాళ్లు పాడుతున్నార్రా?"

"పాడుతున్నారక్కా" అన్నాను.

"చరణాలు కూడానా?"

"ఊఁ" అన్నాను. ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసి, మళ్లీ మూసుకుంది. ముప్పై ఏళ్లు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. నమ్మిందనుకోను.

గోదావరికి ఎర్రనీళ్లు వచ్చిన రోజుల్లో అక్క పోయింది. రేవులో జనాన్ని దాటించే పంటు ఆపేశారు. అవతలి ఒడ్డు చుట్టాలు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చారు. సమాధుల తోటకు తీసుకెళ్లేటప్పుడు సన్నగా చినుకు పడుతోంది. తమ్ముడు డోలక్ వాయించడమేంటని ఒకరిద్దరు అన్నారు. నాకు చేతులు ఖాళీగా ఉంటే భరించలేననిపించి మెడలో తగిలించుకున్నాను.

గొయ్యి దగ్గర అయ్యగారు ప్రార్థన చేశాక, అక్కకు ఇష్టమైన పాట పాడమన్నారు. ఏరు దాటించమని దేవుణ్ణి అడిగే పాట అది. క్వయిరు ఆవిడ పల్లవి ఎత్తుకున్నారు. వానకు పుస్తకాలు ఎవరూ తేలేదు. తెర అంటారా, అది మందిరం గోడకు ఉంది. పల్లవి మాత్రం అందరికీ వచ్చు. చేపలమ్మే ఆడవాళ్లు చాలామంది వచ్చారు, గొంతెత్తి పాడారు.

పల్లవి అయింది. అందరూ ఆగారు.

తెర లేని చోట పాత అలవాటు తిరిగి వచ్చేసింది. నా చేతులు చుట్టు తిప్పుతున్నాయి. ఒక చుట్టు అయింది, రెండు అయ్యాయి. జనమంతా నా ఎడమ పక్క, ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తున్నారు. అక్కడ ఉండాల్సిన మనిషి ఎదురుగా పెట్టెలో ఉంది. డోలక్ తిరుగుతూనే ఉంది. పుస్తకం లేనిదే క్వయిరు ఆవిడకూ చరణం రాదు, నా వైపు చూశారు. ఆ పాట మొత్తం టైపు చేసినవాణ్ణి నేను. ఏ అక్షరం కింద ఏ స్వరమో, ఎక్కడ ఎంత నిడివో నాకు తెలుసు. నేనే అందిద్దామని నోరు తెరిచాను.

తె. ర. చా. ప. అక్కడిదాకా వచ్చింది. ఆ తరవాత ఏంటో గుర్తు రాలేదు. అడ్డగీతలు పెట్టి విడగొట్టిన అక్షరాలు విడివిడిగా కళ్లముందు తిరిగాయి గాని మాట కట్టలేదు. అక్క ఆ పాదాన్ని నా చెవి పక్కన ఎన్ని వందలసార్లు అందించిందో. నేను ఎప్పుడూ ఆమె చివరి మాట కోసమే విన్నాను, గుమక ఎక్కడ వదలాలో తెలియడానికి. మధ్య మాటలు ఆమెకు వచ్చు కదా అని నేను పట్టించుకోలేదు.

వెనక నుంచి ఒక ముసలామె పల్లవే మళ్లీ ఎత్తుకుంది. అందరూ కలిశారు. పల్లవి అయింది, ఆగారు, నా డోలక్ ఖాళీగా ఒక చుట్టు తిరిగింది, మళ్లీ పల్లవి. మట్టి వేయడం అయిపోయేదాకా అలాగే పాడారు. ఆ పాటలో చరణాలన్నీ దాటితే గాని ఏరు దాటడం రాదు. మేము ఒక్క చరణం కూడా పాడకుండా ఇంటికి వచ్చాం.

సెలవు అయ్యాక ధవళేశ్వరం వెళ్లి ఆ పాట ఫైలు తెరిచాను. శాతం గుర్తు వెనక అక్క వరుసలన్నీ ఉన్నాయి. తెరచాప చిరిగిన వేళ అని ఉంది. అంతే, నాలుగు మాటలు కూడా లేవు. గుర్తులన్నీ ఒక్కొక్కటే తీసేశాను. రెండు చుట్లకు కుదించిన నిడివులు కూడా తీసేసి, అప్పుడు నిద్రపోయిన ఆ నాలుగు పేజీలు చదివి, ఆమె వరుసకు మాత్రమే లెక్క ఆపి కింద డోలక్‌ను నడిపించాను. కూర్చుంటే ఒక్క సాయంత్రం పని. ఇన్నేళ్లలో ఆ ఒక్క సాయంత్రం నేను ఇవ్వలేదు.

ఈసారి హెచ్చరిక ఏదీ రాలేదు. పేజీ ప్రింటు తీశాను. అక్క చూసి తప్పులు కొట్టేశావని నవ్విన ఇంటూ గుర్తులు, పాడే ప్రతి పాదానికీ ముందు, మళ్లీ వాటి చోటుకు వచ్చాయి. శనివారం ఆ కాగితం సంచిలో పెట్టుకుని రైలెక్కాను. భీమవరం దాటాక గాని గుర్తు రాలేదు, ఇంటికి వెళ్లి దీన్ని చూపించడానికి అరుగు మీద ఎవరూ లేరని.